ఖాళీ ఊర్లో పొగ

లేదు, నేను ఒప్పుకోను. "గ్రూపులో పెట్టినం గదా, చూస్కోకపోతే మేమేం చేస్తం" అంటే అయిపోయిందా? నా చిన్నప్పుడు ఒక ఊరు ఊరంతా నన్నూ మా అమ్మనూ ఇదే మాటతోటి వాగు ఒడ్డున నిలబెట్టింది. అప్పట్ల ఫోన్లు లేవు గాబట్టి గ్రూపు అనలేదు గానీ, మాట మాత్రం ఇదే. అందుకే మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో నాకు గంత కోపమొచ్చింది.

మేముండేది వైజాగ్‌లో. బిల్డింగు వెనక సందు దాటితే సముద్రం, ఆ సందంతా జాలరోళ్ళ ఇండ్లు. ఏటా వాళ్ళు గంగమ్మకు పండగ చేస్తరు. ఘటం ఎత్తుకొని మా గేటు ముందర నుంచే బీచికి పోతరు. ఆ కాసేపు మా బిల్డింగోళ్ళు టీవీలు బందు చేసి, గేటు కాడ నీళ్ళు చల్లి నిలబడతరు. ఈసారి మూడో అంతస్తులో కొత్తగా దిగినోళ్ళు, పాపం, పిల్ల పుట్టినరోజని స్పీకర్ పెట్టి పాటలేసుకున్నరు. ఘటం ఆగిపోయింది. ఇంక మనోళ్ళు ఊకుంటరా? మీటింగ్ పెట్టి మొగుడూ పెళ్ళాన్ని నడుమ కూసోబెట్టి కడిగేసిన్రు. "టైమ్ పెట్టినం, లొకేషన్ పెట్టినం, ఫోటో పెట్టినం" అని ఒకటే అరుపులు. వాళ్ళను అసలు గ్రూపులో కలిపిన మనిషే లేడు! ఒక్కరన్న మెట్లెక్కి తలుపు కొట్టిన్రా? నేను లేచి అరిచిన. ఫోన్ చేతిల పట్టుకొనే అరిచిన, కాదనను. నా చేతిలోంచి ఫోన్ దిగేది నేను పడుకున్నప్పుడే. "ఫోన్లో బతికేదానివి, నువ్వే ఫోన్‌ని తిడతవేందమ్మా" అని సెక్రటరీ అంకుల్ నవ్విండు. ఆయనకు చెప్పాల్సిన ముచ్చట ఇది. అరిచేటప్పుడు ముచ్చట్లు చెప్పలేం గదా, అందుకే ఇప్పుడు చెప్తున్న.

మా నాన్న పోర్టులో పనిచేసేటోడు. నేను పుట్టి పెరిగిందంతా వైజాగే. అమ్మది మాత్రం టేకులపల్లి దాటినంక అడవి అంచుకున్న ఊరు. ఇంట్ల అమ్మ మాట, బయట సముద్రపోళ్ళ మాట. అందుకే నా భాష రెండు గిన్నెలది కలిపి వడ్డించినట్టుంటది. తొంభైల్లో ఒక ఎండాకాలం అది. తమ్ముడు అప్పటికి ఇంకా పాకుడు మొదలుపెట్టలే. వానికి మొదటి ముద్ద అమ్మమ్మ చేత్తోనే తినిపియ్యాలని అమ్మ పట్టు. సన్నబియ్యం, బెల్లం సంచిల కట్టుకొని, నాన్నకు సెలవు దొరక్కపోయినా మా ఇద్దర్ని తీస్కొని బయలుదేరింది. ఊర్లో ఫోన్ లేదు, వస్తున్నమని చెప్పే దారీ లేదు. గుమ్మంల నిలబడి నవ్వితే చాలు అనుకునే కాలం.

ఖమ్మంల రైలు దిగి, బస్సెక్కి టేకులపల్లి దాక బాగనే వచ్చినం. ఆడ్నుంచి ఊరికి పోయే బస్సు పొద్దున్నే పోయిందట. బీడీలకు వాడే తునికాకు కోతల సీజను. ఆకు కోసం పోతున్న ట్రాక్టర్ ఒకటి కనిపిస్తే అమ్మ చెయ్యెత్తింది. డ్రైవరు ఎక్కడ్నుంచో వచ్చిన పరాయి మనిషి. మమ్మల్ని ఊరి ముందర కాకుండ, వెనక దిక్కు ఆకు కల్లం కాడ దింపి, ఇంకో ఊరి కల్లానికి పోయిండు.

కల్లంల ఆకు కట్టలు వరసగా ఎండుతున్నయి. మనిషి లేడు. "కోతకు పోయిన్రేమో" అన్నది అమ్మ. ఆడ్నుంచి కాలిబాట పట్టినం. ఊర్లో అడుగుపెట్టినంక అమ్మ ఒక్కసారి ఆగింది.

"కుక్క మొరగలేదేందే?"

నిజమే. ఒక్క కుక్క లేదు, ఒక్క కోడి లేదు. ఎండ తెల్లగా కాస్తున్నది, బారెడు పొద్దెక్కింది, ఊరంతా తాళాలు. తాళమొక్కటే కాదు, ప్రతి తలుపుకీ అడ్డంగా తుమ్మకంప పెట్టి ఉన్నది. కొట్టాల్లో పశువులు లేవు, గుంజలకు ఉత్త పలుపుతాళ్ళు వేలాడుతున్నయి. వాకిళ్ళలో బిందెలు, కుండలు, బకెట్లు, ఆఖరికి కోళ్ళకు నీళ్ళు పోసే చిప్పలు గూడ బోర్లించి ఉన్నయి. ఏ ఇంటి ముందు చూసినా అంతే. బోరింగు పంపు పిడికి ఎవరో పాత చీర పేలిక గట్టిగా కట్టి పెట్టిన్రు, దాని నోరు కట్టేసినట్టు. గాలొచ్చినప్పుడు తాటాకు కప్పులు గరగరమంటయి, గాలి ఆగితే మళ్ళ ఏం లేదు. ఊరు ఊపిరి బిగబట్టి మమ్మల్ని చూస్తున్నట్టే అనిపించింది నాకు.

నాకు భయమైతే కోపమొస్తది. ఇప్పుడూ అంతే. అందుకే గట్టిగా అరుచుడు మొదలుపెట్టిన. "అమ్మమ్మా! ఓ అమ్మమ్మా!" ప్రతి తలుపూ బాదుకుంట పోయిన. ఊరి పక్కన గుట్ట ఉన్నది. నేనొకసారి పిలిస్తే, కాసేపాగి ఆ గుట్ట దిక్కు నుంచి ఎవరో పిల్ల సన్నగా "అమ్మమ్మా" అని పిలిచింది. నా గొంతే. నా గొంతే అని తెలుసు. అయినా అది కొంచెం లేటుగా వచ్చుడు నాకు నచ్చలే. మళ్ళ పిలవలే.

అమ్మమ్మ ఇంటికీ తాళం, కంప. అమ్మ అరుగు మీద కూలబడ్డది. ఆమె కండ్లు వాకిలంతా వెతుకుతున్నయి. ఏం వెతుకుతున్నదో నాకప్పుడు తెల్వలే. ఇంట్ల ఎవరన్న పోతే మిగిలే ఆనవాళ్ళు వెతికిందని పెద్దయినంక చెప్పింది. ఇంతల తమ్ముడు లేచి ఏడుపు అందుకున్నడు. డబ్బాపాలకు వేడినీళ్ళు గావాలె. అమ్మ లేచి, పంపుకు కట్టిన పేలిక విప్పి నీళ్ళు పట్టింది. బోర్లించిన గిన్నె ఒకటి తిప్పింది. చూరు కింద బయటి పొయ్యిల చితుకులు పెట్టి అగ్గిపుల్ల గీసింది. గాలి లేదు గాబట్టి పొగ నిటారుగా, తాడు లెక్క పైకి పోయింది. ఊరంత మీద అదొక్కటే పొగ.

తమ్ముడు పాలు తాగి ఊరుకున్నడు. నేను గేటు కాడ నిలబడ్డ. అప్పుడు కనిపించింది.

సందు చివర నుంచి ఒక ముసలామె నడుచుకుంట వస్తున్నది. ఒక్కతే. జుట్టు విడిపోయి భుజాల మీద పడ్డది. చీర మోకాళ్ళ దాక తడిసి కాళ్ళకు అంటుకున్నది. నన్నే చూసుకుంట వస్తున్నది. పిలుస్తలేదు, పలకరిస్తలేదు, రెప్ప గూడ కొడతలేదు. దగ్గరికొచ్చి నా ముందర వంగింది. నా చెంపలు, గదువ, చెవులు, చేతివేళ్ళు అన్నీ తడిమింది, సంతల ఏదో వస్తువు కొనేముందు చూసుకున్నట్టు.

"నువ్వొక్కదానివేనా?" అన్నది.

"తమ్ముడున్నడు. అమ్మున్నది."

"ఇంకో పిల్ల లేదా నీ ఎంబడి?"

లేదన్న. ఆమె నా వెనక ఖాళీ వాకిలి దిక్కు చాలాసేపు చూసింది.

అమ్మ బయటికొచ్చి "చిన్నమ్మా!" అని ఒక్క కేక పెట్టింది. పక్కింటి ముసలమ్మ ఆమె. అమ్మను చిన్నప్పుడు ఎత్తుకొని తిప్పిన మనిషట. "మా అమ్మ ఏది చిన్నమ్మా?" అని అమ్మ ఏడుపు గొంతుతోటి అడిగితే, "ఉన్నదే, ఉన్నది. నీ అమ్మకేమైతది, గుండ్రాయి లెక్కున్నది. వాగవతల మామిడి తోపుల ఉన్నది. ఊరంత ఆడనే" అన్నది. అమ్మ అరుగు మీద మళ్ళ కూలబడి, ఈసారి నవ్వుకుంట ఏడ్చింది.

అప్పుడు చెప్పింది ముసలమ్మ. ఆ ఎండాకాలం ఊర్ల వరసగా మనుషులు పోయిన్రట. ఒకరు పాము కరిచి, ఒకరు బాయిల పడి, ఒకరు ఏ రోగమూ లేకుండ పండుకున్న కాడనే. ఆఖరికి ముసలమ్మ మనుమరాలు జ్వరమొచ్చి పోయింది. కూతురి బిడ్డ, ఈమె దగ్గరనే పెరిగింది, ఈమెను అమ్మమ్మా అనే పిలిచేది. నా ఈడుదే. ఊరికి కీడు పట్టిందన్నరు పెద్దమనుషులు. కీడు పోవాలంటే కీడు వంట పెట్టుకోవాలె. అంటే ఒకరోజు పొద్దు పొడవకముందే ఊరంత ఖాళీ చేసి, పశువుల్ని, కోళ్ళని, కుక్కల్ని గూడ తోలుకొని, వాగవతల వండుకు తిని, పొద్దు గూకినంక తిరిగి రావాలె. ఆ పూట ఊర్ల పొయ్యి వెలగొద్దు, మనిషి గొంతు ఇనపడొద్దు. కీడు వచ్చి ఇల్లిల్లూ తిరిగి, పొగ లేదు, సప్పుడు లేదు, ఈ ఊరు సచ్చిపోయింది అనుకొని వేరే దారి పట్టుకుంటదట.

మేమొచ్చింది ఆ రోజే. ఇంతకు ముందు ఈ ఆచారం అమ్మ ఎరుగదా అంటే ఎరుగును, చిన్నప్పుడు ఒకసారి తానూ తోపుకు పోయిందట. కానీ జనం పోయినంక ఖాళీ ఊరు ఎట్లుంటదో ఆమె చూసింది లేదు, అమ్మమ్మకే ఏదో అయిందన్న భయంల అది యాదికే రాలే. ఆ రోజే పెట్టుకున్నరని ఆమెకెట్ల తెలుస్తది?

నేను అరిచిన అరుపులు తోపు దాక ఇనపడ్డయట. ఖాళీ ఊర్లోంచి చిన్నపిల్ల గొంతు "అమ్మమ్మా" అని పిలుస్తుంటే తోపుల అందరూ చేతిల పని వదిలేసిన్రట. పక్కింటి ముసలమ్మ లేచి వాగు దిక్కు ఉరికింది. ఇద్దరు మొగోళ్ళు పట్టుకుంటే గుంజుకొని వచ్చింది. ఎవరి కోసం వచ్చిందో ఆమె చెప్పలే, మేము అడగలే.

అమ్మకు అప్పుడు పొయ్యి యాదికొచ్చింది. బకెట్ ఎత్తి నీళ్ళు పోయబోతే ముసలమ్మ చెయ్యి పట్టుకున్నది.

"ఆర్పకు. సూసేటోళ్ళు సూసిన్రు. సంచిల ఏమున్నదే?"

"సన్నబియ్యం, బెల్లం. పిలగానికి ముద్ద పెట్టిద్దామని..."

"అయితే వండు."

అమ్మ పరమాన్నం పెట్టింది. ఊరంతట్ల ఆ గిన్నె ఉడికే సప్పుడొక్కటే. ముసలమ్మ నన్ను పక్కన కూసోబెట్టుకొని ఉన్నట్టుండి అన్నది, "ఇందాకటి లెక్క ఇంకోపాలి పిలువు బిడ్డా."

నాకు ఇష్టం లేదు. కానీ ఆమె అడిగిన తీరుకు లేదనలేకపోయిన. గుట్ట దిక్కు తిరిగి "అమ్మమ్మా" అన్న. ఆమె కండ్లు మూసుకున్నది. కాసేపాగి గుట్ట మీద నుంచి ఆ సన్న గొంతు వచ్చింది. అది వచ్చి ఆగిపోయేదాక ఆమె కదల్లే. ఆ తర్వాత కొంగుతోటి మొఖం తుడుచుకొని, జుట్టు ముడేసుకొని, "సరే. గుట్టనే" అన్నది. అంత ధైర్యం నేను ఇంకెవరి దగ్గరా చూడలే. అది గుట్ట కాకుండ ఉంటే బాగుండని మనసంతా కోరుకునే మనిషి, ఇంకోసారి పిలిపిచ్చుకొని విని, గుట్టనే అని ఒప్పుకున్నది.

గిన్నె మీద మూత పెట్టి ఎత్తుకొని, ఆమె ముందర, మేము వెనక వాగు కాడికి పోయినం. అవతల ఒడ్డున ఊరంతా నిలబడ్డది. అందరి నడుమ కర్ర పట్టుకొని ఒక పెద్దమనిషి. అమ్మమ్మ మెడ చాచి మమ్మల్ని చూస్తున్నది, ఏడుస్తున్నది, అడుగు ముందుకెయ్యలే. మా మేనమామ రాబోతే ఎవరో భుజం పట్టి ఆపిన్రు.

"ఆడనే ఆగుండ్రి!" అన్నడు పెద్దమనిషి. "పొయ్యెవరు ముట్టిచ్చిన్రు?"

అమ్మ తానే అన్నది. తెల్వక చేసిన్నన్నది.

"తెల్వకపోవుడేంది? డప్పు కొట్టిచ్చి చాటింపు ఏపియ్యలేదా? ఊరంత ఇన్నది. ఎరికలేదంటే ఎట్ల నడుస్తది? పొగ లేసింది, కీడు సూసింది. ఇగ అది ఎవల మీద పడతదో. ఎట్లొచ్చిన్రో అట్లనే పోండ్రి. ఆ పిలగాణ్ణి ఈ ఒడ్డుకు దాటియ్యొద్దు."

అమ్మ తమ్ముణ్ణి గుండెకు అదుముకున్నది. పుట్టింటోళ్ళు అంతమంది ఎదురుగా ఉన్నరు, ఒక్కరు గూడ నోరిప్పలే. నాకు అర్థమైందల్లా ఒక్కటే. అమ్మ ఇప్పుడు వెనక్కి తిరిగితే మళ్ళ జన్మల ఈ ఊరు రాదు. ఆమె మొఖంల అది కనిపిస్తున్నది.

అప్పుడు పక్కింటి ముసలమ్మ గట్టిగా అన్నది, "నీ డప్పు ఇశాకపట్నం దాక ఇనవడ్డదారా?"

ఎవరో పిల్లలు కిసుక్కుమన్నరు. పెద్దమనిషి కర్ర నేలకు కొట్టిండు.

"బస్సు దారి మీద మనిషిని పెట్టినవు. కల్లం బాట మీద ఎవర్ని పెట్టినవు? ఆడ ఒక్కడు నిలబడి, అమ్మా ఇయ్యాల ఊర్లకు పోకుండ్రి అంటే, బంగారం లెక్క తిరిగి మన కాడికొచ్చేటోళ్ళు. సెప్పుడు సేతగాలే నీకు. పసిపిలగాని మీద పెడతన్నవు."

ఇట్లనుకుంటనే ఆమె వాగుల దిగింది. ఎండాకాలం గదా, నీళ్ళు సగం మేరనే, నడుమ ఇసుక దిబ్బ తేలి ఉన్నది. దాని మీద కూసున్నది. గిన్నె మూత తీసింది. ఖాళీ ఊర్ల, కీడు తిరిగే పూట ఉడికిన అన్నం అది. ముద్ద తీసి నోట్లె పెట్టుకున్నది.

ఆ ఒడ్డు మీదోళ్ళు పిల్లల్ని వెనక్కి గుంజుకున్నరు. ఆమె ఇప్పుడు పడిపోతది, ఇప్పుడు నురగ కక్కుతది అన్నట్టు చూస్తున్నరు. నేనూ చూస్తున్న. ఆమె నిమ్మళంగా నమిలి, మింగి, ఇంకో ముద్ద తీసుకున్నది.

"నా బిడ్డను తిన్నంక నా కాడ ఇంకేం మిగిలిందని అది తింటది? నేను తింటున్న. దమ్మున్నోళ్ళు వచ్చి కూసోండ్రి." వేళ్ళు నాక్కొని అమ్మ దిక్కు తిరిగింది. "బెల్లం తక్కువేసినవే. పట్నంల పొదుపు నేర్సినట్టున్నవు."

అమ్మమ్మ అందరికంటే ముందు నీళ్ళల్ల దిగింది. పరిగెత్తుకుంట వచ్చి తమ్ముణ్ణి లాక్కున్నది. ఆ ఇసుక దిబ్బ మీదనే, ఊరికీ తోపుకీ నడుమ, వాని నోట్లె మొదటి మెతుకు పెట్టింది. వాడు మొఖం అదోలా పెట్టి ఉమ్మేసిండు. అంతే, ఒక్కసారి నవ్వులు లేచినయి. మేనమామ వచ్చిండు. ఆడోళ్ళు కొందరు వచ్చి తలా కొంచెం నోట్లె వేసుకున్నరు. అందరూ రాలే, అబద్ధం ఎందుకు. పెద్దమనిషి రాలే. కానీ కర్ర కింద పెట్టి మొఖం అటు తిప్పుకొని నిలబడ్డడు, మేము అతని పక్క నుంచే తోపులకు పోయినం. పొద్దు గూకినంక ఊరంత కలిసి ఇండ్లకు తిరిగొచ్చినప్పుడు మా ముందర దీపం పట్టుకొని నడిచింది ఆయనే.

ఆ తర్వాత ఎవరూ పోలేదా అని అడుగుతరు నన్ను. ఊరన్నంక పోతరు. వానలు పడినంక ఒక ముసలాయన పోయిండు. ఆయన ఆ పరమాన్నం ముట్టనే లేదు. వాగవతల ఆ రోజున్న ఆడోళ్ళల్ల కొందరు మాత్రం, గుట్ట గిట్ట ఏం కాదు, ఇద్దరు పిల్లలు పిలిచిన్రు, మేము ఇన్నం అని ఇప్పటికీ అంటరు. నేను వాదించ. ఆ ఊరి గురించి నేను వాదించని ముచ్చట అదొక్కటే.

పక్కింటి ముసలమ్మ ఆ రోజు నుంచి ఒక పని పట్టుకున్నది. ఊర్ల ఏదున్నా, జాతర గానీ, కొలుపు గానీ, చావు గానీ, పొద్దున్నే పోయి కల్లం బాట మొదట్ల కూసునేది. ఎవరొస్తే వాళ్ళకు చెప్పేది. దినమంతా ఒక్కరు గూడ రాని రోజులే ఎక్కువ. అయినా కూసునేది. నేను కాలేజీల చేరినంక ఒకసారి పోయినప్పుడు గూడ అక్కడనే ఉన్నది. చూపు మందగించి, "ఎవలు వచ్చేది? ఇయ్యాల బోనాలున్నయి, సెప్పులిడిసి లోపలికి పోండ్రి" అన్నది. నేనని తెల్వదు ఆమెకు. ఎవరైనా ఆమె అదే చెప్పేది.

నాకు ఆమె నుంచి అంటింది ఒక అలవాటు. కొత్త చోట దిగితే ఫోన్ చేతిలో ఉన్నా, మ్యాప్ మాట్లాడుతున్నా, ముందు ఎదురైన మనిషిని ఆపి, "ఇయ్యాల ఇక్కడ ఏమన్న ఉన్నదా?" అని అడుగుత. వైజాగ్ బీచి మీద వలలు అల్లుకునే తాతలను, టీ కొట్టు అక్కలను అట్లనే అడిగి, ఏ స్క్రీన్ మీదా రాని ఎన్ని పండగలకు పోయిన్నో, ఎన్ని విస్తర్ల కాడ కూసున్ననో. ఏదన్న నాకు తెలిస్తే మాత్రం ఫోన్లో పెట్టి ఊకోను, పోయి చెప్త. నా ఫ్రెండ్స్ నవ్వుతరు, పిచ్చిదంటరు. నవ్వనీ. తెల్వక వచ్చినోళ్ళది తప్పు గాదు, తెలిసి చెప్పనోళ్ళదే తప్పని నేనంటున్న. కాదంటరా? అయితే చెప్పుండ్రి, ఇన్నేండ్లల్ల మీకేమీ కాని ఒక మనిషి కోసం మీరు ఏ బాట మొదట్ల నిలబడ్డరు?